జీతం తెచ్చే పని, మనసు కోరే పని
పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

ఉద్యోగం చేసుకుంటూనే తమకు ఇష్టమైన మరొక పనిని నిలబెట్టుకోవాలని తాపత్రయపడేవారి నుంచి కొంతకాలంగా ఉత్తరాలు ఎక్కువగా వస్తున్నాయి. వాటిలో నాలుగింటిని ఈ సంచికకు తీసుకున్నాను. రాసినవారి కోరిక మేరకు పేర్లు ప్రచురించడం లేదు. మొదటి ఉత్తరానికి ఎక్కువ చోటు ఇచ్చాను, ఎందుకంటే అందులోని చిక్కు మిగిలిన మూడింటిలోనూ ఏదో ఒక రూపంలో ఉంది.

ప్రశ్న: నాకు 36 ఏళ్ళు. చీరాల ప్రాంతంలో ఒక ప్రభుత్వరంగ బ్యాంకు శాఖలో అధికారిగా పనిచేస్తున్నాను. మాది చేనేత కుటుంబం. మా తాతగారూ నాన్నగారూ నేలలో గుంట తీసి అమర్చే గుంట మగ్గం మీద నేసినవారే. నాతో ఇంట్లో నేత ఆగిపోయింది. తాతగారు పోయాక ఆయన నోట విన్న నేత మాటలు ఒక్కొక్కటిగా మరచిపోతున్నానని తోచి, అప్పటి నుంచి చుట్టుపక్కల ఊళ్ళలోని వృద్ధుల దగ్గర వాటిని సేకరిస్తున్నాను. ఫోనులో గంటలకొద్దీ రికార్డింగులు, అయిదారు నోటుపుస్తకాలు పోగయ్యాయి గాని ఒక్క పుటైనా అచ్చుకు సిద్ధం కాలేదు. బ్యాంకులో రోజంతా టార్గెట్లు, బీమా పాలసీల అమ్మకం, సాయంత్రం సమీక్షలు. రాత్రి ఎనిమిది దాటాక ఇల్లు చేరతాను. రుణాల కోసం వచ్చే చేనేతవారు చెప్పేది మా శాఖలో నాకొక్కడికే పూర్తిగా అర్థమవుతుందన్న మాటే గాని, ఈ ఉద్యోగంలో నాకు తృప్తి లేదు. సెలవు రోజున ఊళ్ళ మీదికి బయలుదేరితే, ఇంట్లో ఉన్నా లేనట్టే ఉంటున్నానని నా భార్య అంటుంది. ఆ మాటలో అబద్ధం లేదు. మా పాపకు ఏడేళ్ళు. రెండేళ్ళపాటు ఇల్లు గడవడానికి సరిపడా డబ్బు దాచాను. రాజీనామా చేసి ఈ పని పూర్తిచేయమంటారా?

సమాధానం: వద్దు. ఇంత సూటిగా చెప్పడానికి కారణం మీ పని మీద నాకు గౌరవం లేకపోవడం కాదు. ఆ పని బతకాలన్న కోరికే. నేత మాటల కోశానికి అంగడిలో ధర లేదు. దాన్ని కొనేవారు వందల్లో ఉంటే గొప్ప. మీరు దాచిన డబ్బు రెండేళ్ళలో అయిపోతుంది. ఇటువంటి పని రెండేళ్ళలో పూర్తి కాదు. మూడవ ఏట పాప బడి ఫీజు కట్టవలసిన రోజున, ఇప్పుడు మీకు ఊపిరిగా ఉన్న ఆ నోటుపుస్తకాలే మీ కంటికి అపరాధుల్లా కనిపిస్తాయి. ఏ పనినైతే మీరు ఇంతగా ప్రేమిస్తున్నారో దాని మీద ఇల్లు గడిపే భారం మోపకండి. ఆ భారాన్ని ఇప్పుడు మీ జీతం మోస్తున్నది కాబట్టే, ఏ మాటను ఎంతకాలం వెతకాలో, దేన్ని వదిలేయాలో, ఎవరి మెప్పునూ కోరకుండా నిర్ణయించుకునే స్వేచ్ఛ మీకు ఉంది.

తెలుగు నిఘంటువుల చరిత్రలోనే దీనికి పెద్ద సాక్ష్యం ఉంది. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో కడపకు ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా వచ్చాడు. ఆయన నిఘంటువు వెలువడింది 1852లో. ఈ నడుమ గడిచిన మూడు దశాబ్దాలలో ఎక్కువ కాలం ఆయన కంపెనీ కొలువులోనే ఉన్నాడు. పండితులను, లేఖకులను కుదుర్చుకుని, తాళపత్ర ప్రతులు తెప్పించి, పాఠాలు సరిచూపించడానికి తన జీతాన్నే ఖర్చుపెట్టాడు. ఆ ఖర్చుకు జీతం చాలక అప్పులు కూడా చేశాడు. ఆయన పగలంతా చేసిన కొలువును మనం ఎవరమూ గుర్తుపెట్టుకోలేదు గాని, ఆ కొలువే లేకపోతే మనం గుర్తుపెట్టుకున్న పని జరిగేది కాదు.

అయితే ఉద్యోగాన్ని కేవలం జీతం కోసం భరించండి అని చెప్పి ఊరుకోవడానికి నాకు మనసొప్పడం లేదు. మీ ఉత్తరంలో ఒక వాక్యాన్ని మీరు చాలా తేలిగ్గా దాటేశారు. చేనేతవారు చెప్పేది శాఖలో మీకొక్కరికే అర్థమవుతుందన్న వాక్యం అది. మీ ఉత్తరం మొత్తం మీద నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది అదే. చేనేతవారికి 6 శాతం వడ్డీకి రుణం ఇచ్చే వీవర్ ముద్రా పథకం కింద ఒక దరఖాస్తు మీ బల్ల మీదికి వచ్చిందనుకుందాం. వానాకాలంలో గుంటలోకి నీరు చేరితే మగ్గం ఎన్నో రోజులు ఆగిపోతుందని, పడుగు, అంటే నిలువు నూలు, సిద్ధం చేసుకోవడంలో పోయే రోజులకు విడిగా కూలి ఉండదని, రాట్నం తిప్పి కండెలు చుట్టే ఇల్లాలి శ్రమ ఏ లెక్కలోనూ కనబడదని తెలిసిన అధికారి ఆ దరఖాస్తును చదివే తీరు వేరు, తెలియని అధికారి చదివే తీరు వేరు. వాయిదాలు ఏ నెలల్లో బరువవుతాయో మీకు తెలుసు. ఒకాయన తన సంపాదనను మాటల్లో చెబితే దాన్ని కాగితం మీద ఎలా పెట్టాలో మీకు తెలుసు. ఇది చిన్న సంగతి కాదు. ఈ ఉద్యోగంలో మీరు తప్ప మరొకరు చేయలేని భాగం ఇదే, తృప్తి దొరికితే దొరికేది కూడా ఇక్కడే. బీమా పాలసీల అమ్మకాన్ని, సాయంత్రపు సమీక్షలను ప్రేమించమని నేను చెప్పను. అవి ఒత్తిడే, వాటిని ఒత్తిడిగానే గుర్తించి నిజాయితీగా ముగించండి. కాని ఉద్యోగం మొత్తాన్ని ఆ ఒత్తిడితో సమానం చేసి కొట్టివేయకండి. వీలైతే చేనేత రుణాల పనిని మీకే అప్పగించమని మీ మేనేజరును అడగండి. ఎవరూ కోరి అడగని పని అది కాబట్టి, అడిగితే ఇచ్చే అవకాశమే ఎక్కువ.

ఇక సొంత పని సంగతి. మీరు ఎన్నేళ్ళుగానో సేకరిస్తున్నా ఒక్క పుట తయారు కాకపోవడానికి సమయం చాలకపోవడం ఒక్కటే కారణమని నేను అనుకోవడం లేదు. మీ పనికి అంచు లేదు. నేత మాటలన్నీ సేకరించాలని బయలుదేరినవారికి ఏ సాయంత్రమూ ఇవాళ్టికి ఇంత అయింది అన్న తృప్తి కలగదు. పైగా ఈ తోవలో మీకంటే ముందు నడిచినవారు ఉన్నారు. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం 1962లో వ్యవసాయ పదాలతో మొదటి సంపుటంగా, 1971లో చేనేత పదాలతో రెండవ సంపుటంగా వెలువడింది. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురించిన ఆ రెండవ సంపుటాన్ని సంపాదించి, మీ నోటుపుస్తకాలను పక్కన పెట్టుకుని చదవండి. మీకు దగ్గరలోనే వేటపాలెంలో 1918 నుంచి నడుస్తున్న సారస్వత నికేతనం గ్రంథాలయం ఉంది. పాత పుస్తకాల వెతుకులాట అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు. పడుగు, పేక, నాడె, అచ్చు వంటి మాటలను మళ్ళీ మొదటి నుంచి పోగుచేయవలసిన అవసరం మీకు లేదు. ఆ సంపుటంలో చేరనివి, మీ ఊళ్ళ పలుకుబడిలో వేరే అర్థంతో వాడేవి, ఆ తరువాతి యాభై ఏళ్ళలో కొత్తగా వచ్చి చేరినవి మీ వంతు. అలా చూస్తే పని మూడింట ఒక వంతుకు తగ్గుతుంది.

ఇంకొక ప్రశ్న మీరు వేసుకోవాలి. ఈ పని ఎవరి చేతికి అందాలి? సొంత పనిలో కలిగే తృప్తి చాలావరకు ఈ ప్రశ్నకు దొరికే జవాబు మీదే ఆధారపడి ఉంటుందని నా దృఢమైన నమ్మకం. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం సంగతి మీకు తెలిసే ఉంటుంది. పోచంపల్లి తరహా చీరకు నూలును మేకుల చుట్టూ చుట్టే ఆసు పోయడంలో, ఒక్క చీర కోసం చేతిని తొమ్మిది వేల సార్లు అటూ ఇటూ కదిలించవలసి వచ్చేది. ఆ పని చేసి చేసి తల్లి లక్ష్మి భుజం నొప్పితో బాధపడుతుంటే చూడలేక ఆయన 1992లో యంత్రం తయారీ మొదలుపెట్టారు. డబ్బు చాలక నడుమ ఆగిపోయి, హైదరాబాదు వచ్చి విద్యుత్ పనులు చేసి సంపాదించుకుంటూ, 1999లో దాన్ని పూర్తిచేశారు. దానికి తల్లి పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ ఏడేళ్ళలో ఎందరు నిరుత్సాహపరిచినా ఆయన తిరిగి తిరిగి ఆ పని దగ్గరికే రాగలగడానికి, అది ఎవరి భుజం కోసమో ఆయనకు ఖాయంగా తెలిసి ఉండటం ఒక ముఖ్య కారణమని నేను భావిస్తాను. మీ కోశం ఎవరి కోసం? విశ్వవిద్యాలయ పరిశోధకుల కోసమైతే దాని రూపం ఒకటి. మీ ఊళ్ళో మగ్గం దిగిపోయిన ఇళ్ళలోని పిల్లల కోసమైతే మరొకటి. రెండూ మంచివే గాని రెండింటినీ ఒకేసారి చేయబూనడం వల్లనే మీరు ఎటూ కదలలేకపోతున్నారని అనిపిస్తున్నది. నన్నడిగితే ఒక చీర నూలు దశ నుంచి మడత దశ వరకు గుంట మగ్గం మీద ఎలా సాగుతుందో వరుసగా చెప్పే చిన్న పుస్తకాన్ని ముందు తీసుకురండి. ఒక్కొక్క దశలో వచ్చే మాటలను అక్కడే వివరించండి. అరవై, డెబ్భై పుటలు చాలు. అది ఆ వృద్ధుల చేతికే మొదట అందితే, వారు చేసే దిద్దుబాట్లే మీ పెద్ద పనికి పునాది అవుతాయి.

పనులను విడదీసేటప్పుడు ఆగలేనివి, ఆగగలిగినవి అని చూడండి. డెబ్భై అయిదేళ్ళు దాటినవారి మాట ఆగలేదు. దాన్ని ముందు రికార్డు చేయాలి. రాసుకోవడం, అక్షరక్రమంలో పెట్టడం ఆగుతాయి. మీది బదిలీల ఉద్యోగం. సొంత ప్రాంతంలో ఉన్న ఈ రెండు మూడేళ్ళు మనుషులను కలవడానికి వాడుకుని, రేపు ఏ దూరప్రాంతానికో బదిలీ అయితే అక్కడి సాయంత్రాలను విని రాసుకోవడానికి ఉంచుకోవచ్చు. ఇప్పుడు మీరు రెండూ కలిపి చేయబోయి అలసిపోతున్నారు.

రోజుల లెక్క కూడా చెబుతాను. 2015 సెప్టెంబరు నుంచి రెండవ, నాలుగవ శనివారాలు బ్యాంకులకు సెలవు. నెలకు ఒక శనివారం, అంటే రెండవది, పూర్తిగా ఊళ్ళకు కేటాయించండి. నాలుగవ శనివారాన్నీ ఆదివారాలనూ ముట్టుకోవద్దు. అవి మీ భార్యవి, మీ పాపవి. మార్చి నెలలో ఈ పని తలపెట్టనే వద్దు. సంవత్సరాంతపు లెక్కల నడుమ దీన్ని ఇరికిస్తే రెండూ చెడతాయి. ఈ ఏర్పాటును మీకు మీరే నిర్ణయించుకుని ఇంట్లో ప్రకటించడం కాకుండా, మీ భార్యతో కూర్చుని మాట్లాడి కుదుర్చుకోండి. ఇన్నేళ్ళుగా మీరు ఈ పనికి ఇచ్చిన సమయంలో చాలా భాగం ఆమె తన సమయంలోంచి ఇచ్చినదే. మీరు ఊళ్ళకు వెళ్ళిన రోజుల్లో పాపను చూసుకున్నది, ఇంటికి వచ్చినవారికి సమాధానం చెప్పుకున్నది ఆమే. అది ఆమె అడగకుండానే పెట్టిన పెట్టుబడి. ఆమెకు ఇష్టమైన పని ఏదైనా ఉందా, దానికి ఒక శనివారం కావాలా అని కూడా ఆ సంభాషణలోనే అడగండి.

ప్రశ్న: కర్నూలు జిల్లాలో ప్రభుత్వ ఉన్నత పాఠశాల ఉపాధ్యాయినిని. వయసు 41. పెళ్ళికి ముందు పదేళ్ళు కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను. వర్ణాలు పూర్తయి కృతులు పాడేదాన్ని. బడిలో నాకు ఎంతో తృప్తి ఉంది. పిల్లలు నన్ను ఇష్టపడతారు. కాని సంగీతం పూర్తిగా పోయింది. మావారు వద్దనరు. ఇంటి పని అయ్యాక హాయిగా పాడుకో అంటారు. నా ఇద్దరు పిల్లలు తొమ్మిది, పన్నెండేళ్ళవాళ్ళు. ఎప్పుడైనా శ్రుతి పెట్టుకుని కూర్చుంటే పని ఎగ్గొట్టి కూర్చున్నట్టు తప్పుచేసిన భావన కలుగుతుంది. ఈ వయసులో తిరిగి మొదలుపెట్టడంలో అర్థం ఉందా?

సమాధానం: అమ్మా, ఇంటి పని అయ్యాక అన్న సమయం ఏ ఇంట్లోనూ రాదు. మీవారు మంచి మనసుతోనే అని ఉంటారు, కాని ఆ మాట అనుమతిలా వినిపిస్తూ వాయిదాగా పనిచేస్తుంది. జాతీయ గణాంక కార్యాలయం 2019లో జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం, మన దేశంలో ఇంటి పని చేసే స్త్రీలు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తుంటే, ఇంటి పని చేసే పురుషులు 97 నిమిషాలు వెచ్చించేవారు. బడి నుంచి వచ్చాక మీరు చేసేది దాదాపు మరొక ఉద్యోగమే. ఈ లెక్కను మార్చకుండా సంగీతానికి చోటు వెతకమని చెబితే, మీ నిద్రలోంచి కోసుకోమని చెప్పినట్టే. ఆ సలహా నేను ఇవ్వను.

మీ ఊరి పేరు చూడగానే ఎవరికైనా శ్రీపాద పినాకపాణి గుర్తుకు వస్తారు. కర్నూలు వైద్య కళాశాలలో వైద్యశాస్త్ర ఆచార్యులుగా పనిచేసి, నేదునూరి కృష్ణమూర్తి, వోలేటి వెంకటేశ్వర్లు, నూకల చినసత్యనారాయణ వంటి విద్వాంసులకు గురువై, 1983లో సంగీత కళానిధి, 1984లో పద్మభూషణ్ పొంది, నూరవ ఏట 2013లో కన్నుమూసిన మహానుభావుడు. రోగుల నడుమ పగలంతా గడిపినా సంగీతాన్ని వదలని ఆయన జీవితాన్ని తలచుకుంటే నాకు చేతులు జోడించాలనిపిస్తుంది. అయినా ఆయనను చూపించి, ఆయన చేయగలిగారు కదా మీరెందుకు చేయలేరు అని మిమ్మల్ని అడగడం న్యాయం కాదు. ఆ తరం పురుషుడు ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక వంటింట్లోకి వెళ్ళవలసిన అవసరం ఉండేది కాదు. ఆయన నుంచి మీరు తీసుకోవలసినది మరొకటి ఉంది. ఆయన కచేరీల కీర్తి వెంట పడకుండా బోధన మీద, పాఠాల స్వరలిపి మీద మనసు పెట్టారు. సంగీతంలో నిలబడటానికి వేదికే మార్గం కాదని దాని అర్థం.

వారంలో మూడు సాయంత్రాలు, ఒక్కొక్కటి ముప్పావు గంట చొప్పున, ఇంటి పని అయ్యాక కాకుండా పనికి ముందే పెట్టుకోండి. ఆ మూడు రాత్రుల వంట మీవారిది. తొమ్మిది, పన్నెండేళ్ళ పిల్లలు కంచాలు పెట్టగలరు, తమ బట్టలు మడతపెట్టగలరు, కూర తరగడంలో చేయందించగలరు. రుసుము తీసుకునే గురువు దగ్గర చేరండి, వారానికి ఒక్క పాఠమైనా సరే. మరొకరు ఎదురుచూస్తున్న సమయాన్ని ఇంటివారు గౌరవించినంతగా, మనం మన కోసం పెట్టుకున్న సమయాన్ని గౌరవించరు. ఒకప్పుడు పాడిన పెద్ద కృతులను వెంటనే ఎత్తుకోవద్దు. గొంతు అప్పటిలా పలకక నిరాశ కలుగుతుంది. మొదటి పాఠాలైన సరళీ, జంట వరుసలు కొన్నాళ్ళు, ఆ తరువాత బాగా వచ్చిన ఒకటి రెండు వర్ణాలు రెండు కాలాల్లో, అంటే రెండు వేగాల్లో, పాడండి. ఆరు నెలలకు గొంతు ఒక దారికి వస్తుంది.

అర్థం ఉందా అని అడిగారు. ఉంది. బడిలో మీరు పిల్లలకు ఇస్తూనే ఉంటారు, ఇంట్లోనూ ఇస్తూనే ఉంటారు. తీసుకునే చోటు మీకు సంగీతం ఒక్కటే. అది లేకుండా ఎన్నేళ్ళు ఇవ్వగలరు? తప్పుచేసిన భావన మొదటి కొన్ని వారాలు వస్తుంది. రానివ్వండి. అది వచ్చిందని లేచి వెళ్ళిపోకండి.

ప్రశ్న: హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఇంజినీరును, వయసు 29. చిన్నపిల్లలు తెలుగు అక్షరాలు, గుణింతాలు నేర్చుకునే యాప్ ఒకటి రాత్రుళ్ళు కూర్చుని తయారుచేస్తున్నాను. ఆఫీసు కోడు మీద ఆసక్తి పోయింది. యాప్‌ను అమ్మకానికి పెడితే కంపెనీతో ఇబ్బంది వస్తుందా? రాత్రి రెండు వరకు పని చేయడం వల్ల పగలు కళ్ళు మూతలు పడుతున్నాయి.

సమాధానం: ముందుగా చట్టం మాట. ఉద్యోగ విధుల్లో భాగంగా తయారైన దానికి, వేరే ఒప్పందం లేనప్పుడు, యజమానే మొదటి హక్కుదారు అని 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షను చెబుతుంది. మీ యాప్ ఉద్యోగ విధి కాదు. కాని చేరినప్పుడు మీరు సంతకం చేసిన ఒప్పందం ఇంతకంటే విస్తారంగా ఉండవచ్చు. బయటి పనులను ముందుగా తెలపాలని, ఉద్యోగ కాలంలో తయారైనదంతా కంపెనీదేనని రాసుకునే సంస్థలు ఉన్నాయి. 2022 సెప్టెంబరులో ఒక పెద్ద ఐటీ సంస్థ, పోటీ సంస్థలకు కూడా పనిచేస్తున్నారని 300 మందిని తొలగించిన సంగతి మీరు మరచి ఉండరు. మీది అలాంటి పని కాదు గాని, అనుమానానికి తావివ్వకూడదు. ఆఫీసు లాప్‌టాప్‌ను, ఆఫీసు ఖాతాలను ఈ పనికి వాడకండి. అమ్మకానికి పెట్టకముందే లిఖితపూర్వకంగా అనుమతి అడగండి. ఒప్పందంలోని భాష అర్థం కాకపోతే న్యాయవాదికి ఒకసారి చూపించండి. ఆ రుసుము దండగ కాదు.

రెండవది, మీరు పగలు చేసేదీ రాత్రి చేసేదీ ఒకే రకం పని. అవే కళ్ళు, అవే వేళ్ళు, అదే కుర్చీ. మీకు ఆఫీసు పని మీద ఆసక్తి పోయిందో, లేక నిద్ర లేక దేని మీదా ఆసక్తి నిలవడం లేదో ఈ స్థితిలో తెలుసుకోలేరు. నెల రోజులు రాత్రి పదకొండుకు యాప్ మూసేసి నిద్రపోయి, ఆ తరువాత ఉద్యోగం గురించి ఒక అభిప్రాయానికి రండి. ఆ నెలలో యాప్ పని ఆగదు. సెలవు రోజున అయిదారేళ్ళ పిల్లలు నలుగురి పక్కన కూర్చుని, వాళ్ళు దాన్ని ఎలా వాడుతున్నారో చూడండి. ఒత్తు ఎక్కడ రాయాలో తడబడుతున్నారా, ఋకారం దగ్గర ఆగిపోతున్నారా, వేలితో దిద్దేటప్పుడు తలకట్టును చివర పెడుతున్నారా మొదట పెడుతున్నారా అన్నది తెర ముందు ఒంటరిగా కూర్చుంటే తెలియదు. పిల్లలు సరదాపడి మళ్ళీ అడిగితే, ఇన్ని రాత్రులు దేని కోసం మేల్కొన్నారో మీకే స్పష్టపడుతుంది. అమ్మాలా, ఉచితంగా ఇవ్వాలా అన్నది అప్పుడు నిర్ణయించండి. అమ్మితే వినియోగదారుల ఫిర్యాదులు, పన్నులు, కొత్త ఫోన్లకు తగిన మార్పులు అన్నీ మీ రాత్రుల మీదే పడతాయి. అది రెండవ ఉద్యోగం అవుతుంది. అది మీకు కావాలో వద్దో ముందే తేల్చుకోవాలి.

ప్రశ్న: వరంగల్లు ప్రాంతంలో నీటిపారుదల శాఖలో ఇంజినీరును. వయసు 58. మా మండలంలోని గొలుసుకట్టు చెరువుల చరిత్ర రాయాలని ఇరవై ఏళ్ళుగా అనుకుంటున్నాను. పదవీ విరమణ తరువాత తీరిగ్గా మొదలుపెడదామని ఉంది. ఈలోగా ఏమైనా చదవమంటారా?

సమాధానం: చదవడం కంటే ముందు మొదలుపెట్టమంటాను. తెలంగాణలో విరమణ వయసు 61. అంటే మీకు మూడేళ్ళున్నాయి. ఈ మూడేళ్ళలో మీ చేతిలో ఉన్నది విరమణ తరువాత ఉండదు. కట్ట మీద నడవడం మీ విధి. తూము ఎవరు తీస్తారో, మిగులు నీరు పోయే మత్తడి ఏ ఏడు ఎన్నిసార్లు దుంకిందో, చెరువు గర్భంలోని శిఖం భూమి ఎంతవరకు కుంచించుకుపోయిందో అడిగితే, రైతులూ, పొలాలకు నీరు వదిలే నీరటివారూ శాఖ మనిషితో మాట్లాడే తీరు వేరుగా ఉంటుంది. 2015లో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయలో 46 వేలకు పైగా చెరువులను లెక్కలోకి తీసుకున్నారు. పూడిక తీసినప్పుడు కట్టల లోపల, పాత తూముల దగ్గర ఏమేమి బయటపడ్డాయో చూసిన సహోద్యోగులు ఇప్పుడు మీ చుట్టూనే ఉన్నారు. వాళ్ళు కూడా మీతోపాటే విరమణ పొందుతారు. రామప్ప, పాఖాల వంటి పెద్ద చెరువుల గురించి రాసినవారు ఎందరో ఉన్నారు. మీ మండలంలో ఒక చెరువు అలుగు పారితే కింది చెరువు నిండే ఆ వరుస గురించి రాయగలవారు మీ వంటివారే.

గిడుగు రామమూర్తి సవర అనే గిరిజనుల భాష మీద కృషిని విరమణ దాకా ఆపుకోలేదు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్న రోజుల్లోనే సవరలతో మాట్లాడి, ఆ భాష తెలిసినవారిని ఇంట్లో ఉంచుకుని నేర్చుకున్నారు. కొండల్లో తిరగడం వల్ల మలేరియా వచ్చి, దానికి వాడిన క్వినైన్ వల్ల ఆయనకు వినికిడి దెబ్బతిన్నది. ఆయన 1911లో ఉద్యోగం విరమించారు. సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో వచ్చాయి. చెవి బాగున్నప్పుడు విన్నది చేతిలో ఉంది కాబట్టే విరమణ తరువాతి తీరిక రాయడానికి పనికివచ్చింది. అంతకుముందు వినకపోయి ఉంటే ఆ తీరికతో ఏం చేయగలిగేవారు? చెరువు కట్టల మీద మైళ్ళు నడవగల కాళ్ళు మీకు ఇప్పుడు ఉన్నాయి.

కాబట్టి మీ పనిని రెండుగా చేయండి. మూడేళ్ళు చూడడం, వినడం, ఫొటోలు తీయడం, తేదీ వేసి రాసుకోవడం. పుస్తకం రాయడం తరువాత. చెరువుకు ఒక నోటుపుస్తకం పెట్టి, అందులో తూము, మత్తడి, ఆయకట్టు, పాత రాతి శాసనం ఉంటే దాని చోటు, కట్ట మైసమ్మ పండుగ జరిగే తీరు, ఎండిపోయిన సంవత్సరాలు రాసుకుంటూ వెళ్ళండి. ఉద్యోగంలో భాగంగా ఎలాగూ వెళ్ళే చెరువులతో మొదలుపెట్టండి, దానికోసం విడిగా సెలవులు పెట్టవలసిన పని లేదు. ఇన్నేళ్ళుగా మీకు మామూలు తనిఖీగా అనిపించినది, ఈ ప్రశ్నలు మనసులో పెట్టుకుని వెళితే వేరుగా కనిపిస్తుంది. ఉద్యోగపు చివరి సంవత్సరాలు నిస్సారంగా గడుస్తాయని బాధపడేవారిని చాలామందిని చూశాను; మీకు ఆ బాధ ఉండదు.

ఒక్క జాగ్రత్త. మీరు సొంతంగా చూసి, విని రాసుకున్నది మీది. శాఖ దస్త్రాలు, పటాలు, అంచనా పత్రాలు ప్రభుత్వానివి. వాటి నకళ్ళు అనుమతి లేకుండా పుస్తకం కోసం ఇంటికి తెచ్చుకోకండి, ఎంత పాతవైనా సరే. ఏ ఏ పత్రాలు కావాలో జాబితా రాసి, చరిత్ర రచన కోసమని కారణం చూపి, మీ పై అధికారికి ఇప్పుడే దరఖాస్తు పెట్టండి. దాని మీద నిర్ణయం రావడానికి నెలలు పట్టవచ్చు. ఆ నెలల్లో ముందుగా కలవవలసినది మీ మండలంలో మిగిలి ఉన్న పాత నీరటివారిని.